అడ్డం కట్టిన జంపఖానా

ఆ ఎండాకాలం మా మామ సైకిల్‌ను ట్రాఫిక్ పోలీసులు రెండు రోజులు తమ దగ్గరే పెట్టుకున్నారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. సైకిల్ కోసం తిండి మానేస్తారా అని మీరు నవ్వుతారేమో. మా మామ బుచ్చిరాములును చూసినవాళ్ళెవరూ నవ్వరు.

ఏప్రిల్ మొదటి వారం అది. నేనూ మా అత్త లింగమ్మా మగ్గం మీద ఉన్నాం. కొత్తవాడలో జంపఖానా నేయాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది, ఒకరి మాట ఒకరు భరించాలి. నా మాటలను మా అత్త పదమూడేళ్ళుగా భరిస్తోంది. ఆ మధ్యాహ్నం మామ వాకిట్లోకి నడుచుకుంటూ వచ్చాడు. పొద్దున సైకిల్ మీద కట్టుకుపోయిన జంపఖానా చుట్ట ఆయన భుజం మీదే ఉంది.

"సైకిలేది?" అంది అత్త.

"పట్టుకపోయిన్రు."

"ఎవలు?"

"పోలీసోళ్ళు. ఇంకెవలు? నేనేమన్న ఖూనీ చేసిన్నానే? చాయ్ తాగుదామని ఆగిన, అంతే."

అంతే కాదని సాయంత్రం మా ఆయన భాస్కర్ వచ్చి చెప్పాడు. ఆయనకు హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ షాపులో పని. కబురు తెలిసి స్టేషన్‌కు వెళ్ళి అడిగి వచ్చాడు. మామ రోడ్డుకు కుడిపక్కన, వచ్చే బండ్లకు ఎదురుగా పోతున్నాడట. ఆరడుగుల జంపఖానా చుట్టను క్యారియర్ మీద అడ్డంగా కట్టడం వల్ల అది సగం రోడ్డును మింగిందట. అది తగిలి ఒక కారు అద్దం వంగిందట. అన్నిటికన్నా ఘనకార్యం, చాయ్ కోసం ఆగి, సైకిల్‌ను నో పార్కింగ్ బోర్డు ఉన్న స్తంభానికే ఆనించాడట.

"బోర్డు చదవలేదా నాయినా?"

"చదివిన. ఆనిచ్చనీకి మంచిగనిపించింది."

నేను పోగులు కొట్టే పంజాను ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాను. అత్త మోచేత్తో పొడిచింది. మా ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు రోజుల తర్వాత ఫైన్ కట్టి సైకిల్ తెచ్చాడు. వాకిట్లో స్టాండు వేసి, తండ్రి ముందు నిలబడి, "అరవై ఎనిమిదేండ్లు నీకు. మల్ల దొరికితే సైకిల్ ఇయ్యమని రాసుకున్నరు. వాళ్ళు ఇచ్చినా నేనే పాత సామాన్లోనికి ఏస్త. ఇగ ఆటోల పంపుదాం సరుకు. నువ్వు సుఖంగ కూసో" అన్నాడు.

సుఖంగా కూర్చోవడం! ఆ మాటకు మామ ముఖం ఎలా అయిందో నేను చూశాను. వేళ్ళు వంకరపోయి ఆయన మగ్గం దిగి నాలుగేళ్ళు. ఆయనకు మిగిలింది రెండే పనులు. ఏ జంపఖానా ఎంత వెడల్పు ఉండాలో చెప్పి పడుగు పెట్టించడం, నేసినదాన్ని సైకిల్ మీద హనుమకొండలో పండరి దుకాణానికి చేర్చడం. పోతూ పోతూ పది మందిని పలకరిస్తాడు, వస్తూ వస్తూ నాలుగు వార్తలు తెస్తాడు. అది లేకపోతే ఆయన ఏం కావాలి?

మామ లోపలికి వెళ్ళి మగ్గం మీద చెయ్యి పెట్టాడు. మా వాళ్ళలో మగ్గం మీద చెయ్యి పెట్టి అన్న మాట ఒట్టే, తప్పడం ఉండదు.

"ఇంకొక్కసారి పోలీసోళ్ళకు దొరికిన్ననుకో, సైకిల్ ముట్ట. అప్పటిదాక నన్ను ఆపకున్రి" అన్నాడు.

---

సైకిల్‌ను పట్టుకున్న లేడీ కానిస్టేబుల్ పేరు స్నేహలత. ఆమె బొమ్మలున్న ఒక కాగితం కూడా ఇచ్చి పంపింది, సైకిల్ తొక్కేవాళ్ళు పాటించాల్సినవి అని. నేను మగ్గం మీద దాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. మామ గడప మీద కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు.

"సైకిల్ ఎప్పుడూ ఎడమపక్కనే పోవాలె మామా."

"ఎడమపక్క పోతే ఎనుకనుంచి గుద్దుతడు. కుడిపక్క పోతే వచ్చేటోడు కనవడుతడు. గుద్దేటోని ముఖమన్న చూడాలె గద?"

"మలిగేటప్పుడు ముందే చెయ్యి చూపియ్యాలె."

"నేను మలుగుత అని ఊరంతటికీ చెప్పాల్నా?"

"ఇద్దరు పక్కపక్కన తొక్కద్దు."

ఇక్కడ మామకు నిజంగా బాధ కలిగింది. ఆయనా, పక్క వాడ గట్టయ్యా నలభై ఏళ్ళు పక్కపక్కనే తొక్కుతూ, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని హనుమకొండ పోయినవాళ్ళు. "ముచ్చట ఎట్ల పెట్టాలె మరి? ముందటోడు ఎనుకకు తిరిగి మాట్లాడాల్నా?" అన్నాడు. అది నిజమే అనిపించింది నాకు కూడా.

అయినా మా మామ మాట మీద నిలబడే మనిషి. వారం రోజులు ఖాళీ సైకిల్ మీద వాడంతా తిరిగి ఎడమపక్క పోవడం నేర్చుకున్నాడు. మలుపు వస్తే అర ఫర్లాంగు ముందు నుంచే చెయ్యి చాపేవాడు. ఒకసారి ఆ చెయ్యి చూసి ఎదురింటి సమ్మమ్మ, తనను పిలుస్తున్నాడనుకుని పరుగెత్తుకొచ్చింది.

అన్నీ కుదిరాయి గానీ, కాగితంలో చివరి బొమ్మ దగ్గర ఆగిపోయాం. సరుకు హ్యాండిల్ కంటే బయటికి రాకూడదు. మా జంపఖానా ఆరడుగులు, సైకిల్ హ్యాండిల్ రెండడుగులు.

"నడుమకు మడత పెట్టి కడితే అయిపాయె" అన్నాను.

అత్త చేతిలోని దారం వదిలేసింది. "నీ నోట్ల మన్నుబడ! కొత్త జంపఖానా మడత పెడతరానే?"

నాకు తెలియక కాదు. కొత్త జంపఖానాను కొన్నవాళ్ళు పరిచి, దాని మీద కూర్చునేదాకా మడత పెట్టకూడదు. చుట్టాలి అంతే. మడత పడితే ఆ ఇల్లు రెండవుతుందని మా వాళ్ళ నమ్మకం. అందుకే మా వాడలో అందరూ అడ్డంగానే కడతారు. అలా కట్టిన చుట్ట ఎదురుగా వస్తోందంటే ఆటోవాళ్ళే పక్కకు జరుగుతారు. జరగనివాళ్ళు ఈమధ్యనే ఎక్కువయ్యారు.

అప్పుడు నా బుర్రకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అడ్డం వద్దు సరే, నిలువు కడితే? క్యారియర్ మీద చుట్టను నిలబెట్టి, సీటుకు, మామ నడుముకు కలిపి తాళ్ళతో బిగించాను. దుమ్ము పడకుండా పైన మామ తువ్వాల చుట్టాను. వెనుక నుంచి చూస్తే మామ ఎవరినో తలపాగావాణ్ణి ఎక్కించుకుని పోతున్నట్టే ఉంది.

ఎంజీఎం ఆసుపత్రి సిగ్నల్ దగ్గర స్నేహలత కూడా అదే అనుకుంది.

"తాతా, డబుల్స్ పోతానవా? దిగుమను ఆయనను!"

"ఆయన దిగడమ్మా. జంపఖానా" అన్నాడట మామ.

ఆమె దగ్గరికి వచ్చి తువ్వాల ఎత్తి చూసి, రోడ్డు మీదే కూలబడి నవ్విందట. తర్వాత, "గాలి వస్తే పడ్తవ్ తాతా, ఇట్ల పోకు" అందట. ఆమె అన్నట్టే అయింది. రెండు మలుపులు దాటాక ఎదురుగాలికి చుట్ట ఒరిగింది, దానితో పాటు మామా ఒరిగాడు. మోకాలు చీరుకుపోయి, మోచెయ్యి కొట్టుకుపోయి వచ్చాడు.

"ఆమె ఆపింది గద. అంటే దొరికినట్టే" అన్నాడు మా ఆయన.

"ఆపింది. రాసుకోలే" అన్నాడు మామ. కానీ ఆ మాటలో జోరు లేదు. తనే సైకిల్‌ను లోపలికి తోసుకుపోయి, గోడకు చేర్చి, దాని మీద పాత దుప్పటి కప్పాడు.

---

ఆ తర్వాతి నెల రోజుల సంగతి నేను ఎక్కువ చెప్పలేను. ఆటో వచ్చేది, సరుకు పోయేది. మామ గడప మీద కూర్చునేవాడు. పిల్లి మీద అరిచేవాడు. నేను నేసిన అంచు వంకర ఉందనేవాడు, లేకపోయినా. పండరి ఫోన్ చేసి, "బుచ్చిరాములు మామా, వస్తలేవేంది, పాణం మంచిగున్నదా?" అని అడిగితే మామ ఫోన్ నాకిచ్చి బయటికి పోయాడు. ఆ రోజు నేను మగ్గం మీద కూర్చునే ఏడ్చాను. ఆ నిలువు ఆలోచన ఇచ్చి ఆయనను పడేసింది నేనే కదా.

అత్త చూసింది. "ఏడ్సుడెందుకు? నోరున్నది, బుర్రున్నది. ఇంకోటి ఆలోచించు" అంది.

మే నెల మధ్యలో ఒక పొద్దున దుప్పటి తీసి సైకిల్ తుడుస్తున్నాను. తుప్పు పడితే మా ఆయనకు సాకు దొరుకుతుందని భయం. హ్యాండిల్ తుడుస్తుంటే చేతిలో దారం ఉండి, ఊరికే కొలిచాను. ఈ కొస నుంచి ఆ కొసకు రెండడుగులు. దారాన్ని తీసుకుపోయి మగ్గం మీద పరిచాను. మగ్గంలో మూడో వంతు వచ్చింది.

జంపఖానాను మడవద్దంటే మడవం. హ్యాండిల్ అంత వెడల్పే నేస్తే?

వెంటనే పండరికి ఫోన్ చేశాను. "అన్నా, రెండడుగుల ఎడల్పు, ఇరవై అడుగుల పొడుగు పట్టీ ఎవలన్న కొంటరా?" అన్నాను. పండరి "జూన్‌ల బడులు తెరుస్తరు గద చెల్లె. పిల్లగాండ్లు వరుసగ కూసొని తినడానికి అటువంటియి అడుగుతాన్రు. ప్లాస్టిక్‌వి దొరుకుతానయ్, నచ్చుతలెవ్వు. తెచ్చి చూపియ్యి" అన్నాడు.

సంగతి మామకు చెప్పడం అసలు కష్టం. ఆ ఇంట్లో పడుగు వెడల్పు చెప్పేది ఆయనే. కోడలు చెప్పడం ఎప్పుడూ లేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"మామా, ఈసారి పడుగు నేను చెప్త. రెండడుగులు."

"రెండడుగులా?" అత్త అందుకుంది. "రెండడుగుల జంపఖానా మీద ఎవలు కూసుంటరే, పిల్లులా?"

"బడిపిల్లలు కూసుంటరు. సైకిల్ మీద పట్టుతది. మడత పెట్టుడు లేదు, అడ్డం వచ్చుడు లేదు."

మామ నా చేతిలోని దారం అడిగి తీసుకున్నాడు. సైకిల్ దగ్గరికి వెళ్ళి హ్యాండిల్‌కు పెట్టి ఒకసారి, క్యారియర్‌కు పెట్టి ఒకసారి చూసుకున్నాడు. "రంగులు?" అన్నాడు నా వైపు తిరిగి.

"ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పిల్లలకు గద."

"సిగ్నల్ లైట్లా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నెల రోజులైంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంకరపోయిన ఆ వేళ్ళతోనే పడుగు పోగులు సర్దుతూ కనిపించాడు.

---

జూన్ రెండో వారంలో మొదటి రెండు పట్టీలు తయారయ్యాయి. మామ కొత్త చొక్కా వేసుకున్నాడు. చుట్టలు రెండూ క్యారియర్ మీద కట్టాం. అటు గానీ ఇటు గానీ హ్యాండిల్ దాటలేదు.

మా ఆయన చూసి, "నాయినా, ఒట్టు యాదికున్నది గద?" అని మాత్రం అని, మోటర్ సైకిల్ మీద డ్యూటీకి పోయాడు.

మామ బయల్దేరిన కాసేపటికి నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. అత్తకు చెప్పి ఆటో ఎక్కాను. ఎంజీఎం సిగ్నల్ దగ్గర రెడ్ పడి మా ఆటో ఆగింది. ముందుకు తొంగి చూస్తే, తెల్ల గీతకు జానెడు వెనుక మామ. ఎడమకాలు కింద ఆనించి, బొమ్మలో మనిషిలాగా నిలబడ్డాడు. వెనుక ఒక స్కూటీవాడు హారన్ మీద హారన్ కొట్టాడు.

మామ తిరిగి చూసి, "ఎర్రది పడ్డది, కనవడ్తలేదా? ఏం తొందర నాయినా, పెండ్లికి పోతానవా?" అన్నాడు.

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేను ఆటోలో తల వంచుకుని కూర్చున్నాను. మామ చూస్తే, నన్ను నమ్మి పంపలేదా అంటాడని.

దారిలో ఆటో టైరు పంక్చరై చాలాసేపు ఆగిపోయి, నేను హనుమకొండలో దిగేసరికి పదకొండు దాటింది. ఎండ మాడుస్తోంది. పండరి దుకాణం ముందు, రోడ్డు పక్కన కొత్తగా పసుపు గీతలు గీసి సైకిల్ బొమ్మ వేశారు, సైకిళ్ళు పెట్టుకోవడానికి. మామ అక్కడ నిలబడి ఉన్నాడు. సైకిల్ చేత్తో పట్టుకుని, నెత్తిన తువ్వాల వేసుకుని, చెమటలు కారుతూ. ఎందుకంటే ఆ గీతల లోపల ఒక్క సైకిల్ లేదు. అన్నీ మోటర్ సైకిళ్ళే.

నేను పరుగెత్తాను. "మామా, ఎండల నిలవడ్డవేంది?"

"జాగ లేదు బిడ్డా."

"దుకాణం గోడకు ఆనిచ్చరాదా? ఐదడుగుల దూరం లేదు."

"గోడకాడ పెట్టద్దని బోర్డున్నది. దొరికితే?" అన్నాడు. "యాడనో ఒకటి కదులుతది. ఆగుదాం."

యాభై ఏళ్ళు ఆ గోడకే సైకిల్ ఆనించిన మనిషి, అరగంట నుంచి ఆ ఎండలో నిలబడ్డాడు. పండరి నీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలికి రమ్మని బతిమాలి, విసుగొచ్చి పోయాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి చౌరస్తాలో ఉన్న కానిస్టేబుల్‌ను పిలుచుకొచ్చాను. చూస్తే స్నేహలతే, ఆ వారం డ్యూటీ ఇక్కడ వేశారట.

"అక్కా, రూల్ అందరికీ ఒక్కటేనా, ముసలోళ్ళకేనా?" అన్నాను. నా గొంతు వీధంతా వినిపించి ఉంటుంది.

ఆమె మామను చూసింది, సైకిల్ చూసింది, చుట్టలను అటూ ఇటూ చూసి చేత్తో కొలిచినట్టు చూసింది. "అబ్బ తాతా! మస్తు నేర్చుకున్నవ్" అని ఫోన్ తీసి బండ్లు ఎత్తుకుపోయే లారీని పిలిచింది.

లారీ వచ్చింది. ఒక్కొక్క మోటర్ సైకిలే పైకి లేస్తోంది. మూడో బండి లేచినప్పుడు నా చూపు దాని మీదే నిలిచింది. దాని హ్యాండిల్‌కు ఉన్న నిమ్మకాయా, మిరపకాయలూ నేను కట్టినవే. అది మా ఆయన బండి.

నోరు తెరిచాను. మామ వైపు చూశాను. మామ కూడా ఆ బండినే చూస్తున్నాడు. మళ్ళీ నా వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. నా నోరు నా మాట విన్నది జన్మలో ఆ ఒక్కసారే.

"మేడం! మేడం! నా బండి! ఐదు నిమిషాలే పెట్టిన!" అంటూ మా ఆయన పక్కనే తను పనిచేసే మొబైల్ షాపులోంచి ఉరికొచ్చాడు. వచ్చి, ముందు స్నేహలతను, తర్వాత నన్ను, ఆ తర్వాత సైకిల్ పట్టుకుని నిలబడ్డ తండ్రిని చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇది సైకిళ్ళ జాగ, సార్. ఈ తాత పొద్దటి సంది ఎండల నిలవడ్డడు. రేపొచ్చి తీసుకపోన్రి" అంది స్నేహలత.

మా ఆయన తన తండ్రి చొక్కా వైపు చూశాడు. వీపంతా తడిసిపోయి ఉంది. మామ ఖాళీ అయిన జాగాలోకి సైకిల్ తోసుకుపోయి, గీతకు సరిగ్గా నిలబెట్టి, స్టాండు వేసి, తాళం వేశాడు. చుట్టలు విప్పబోతే ముడి బిగిసింది. మా ఆయన ముందుకు వచ్చి ఆ ముడి విప్పి, రెండు చుట్టలూ తన భుజానికి ఎత్తుకుని దుకాణంలోకి నడిచాడు.

దుకాణంలో పండరి పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి, తనే చెప్పులు విప్పి దాని మీద కూర్చున్నాడు. పక్కన మామను కూర్చోబెట్టుకున్నాడు. "ఇటువంటియి ఎన్ని నేస్తే అన్ని తీసుకురాన్రి" అన్నాడు. మామ నన్ను చూపించి, "నన్నడుగకు. పడుగు చెప్పేది మా కోడలు" అన్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియక అక్కడున్న చాయ్ గ్లాసులన్నీ నేనే కడిగాను.

సాయంత్రం మా ఆయనా నేనూ ఆటోలో బయల్దేరాం. మామ సైకిల్ మీద అప్పటికే ముందు పోయాడు. పోచమ్మ మైదాన్ దాటాక రోడ్డు సగం తవ్వి ఉంది, ఒక్క బండికే దారి. అక్కడ మా ఆటో ముందు ఒక సైకిల్ నిదానంగా పోతోంది. ఆటో అతను హారన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఏ ముసలాయనా, జరుగు!"

"హారన్ కొట్టకు అన్నా" అన్నాడు మా ఆయన.

"జరుగుతలేడు గదా."

"ఎందుకు జరగాలె? ఆయన దారిన ఆయన సక్కగ పోతాండు. మా నాయిన. మెల్లగ ఆయన ఎనుకనే పోనియ్యి."

ఆటో అతను అద్దంలోంచి మమ్మల్ని చూసి హారన్ మీది చెయ్యి తీశాడు. మా వెనుక బండ్లు ఒకటొకటిగా చేరి, పెద్ద బారే అయింది. కొత్తవాడ మలుపు వచ్చేసరికి మామ చెయ్యి చాపాడు, ఎప్పటిలాగే చాలా ముందు నుంచి. మా వెనుకవాళ్ళకు అది ఆటో అడ్డమై కనిపించదు. మా ఆయన ఆటోలోంచి సగం బయటికి వంగి, అచ్చం అలాగే తన చెయ్యి కూడా చాపాడు. పడిపోతాడేమోనని నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. నవ్వు ఆపుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.